రోహిణి కార్తెలో దించిన గాలి

ఆర్మూరు మార్కెట్ యార్డుకు పోయే దారిలో రాజం గాలి దుకాణం ఉంది. పసుపు సీజన్ నడిచినన్నాళ్లూ ప్రతి పొద్దునా ఆ దుకాణం ముందు ఒక ఆడమనిషి ఆగుతుంది. రాజం వైపు చూస్తుంది. కాండ్రించి ఉమ్మి, కొంగు దులుపుకొని యార్డులోకి వెళ్లిపోతుంది. ఆమె పేరు నీలవ్వ. ఊరు ఏర్గట్ల. యార్డులో పసుపు ఏరే కూలి. ఆమె ఉమ్మిన చోట రాజం ఏనాడూ మట్టి కప్పలేదు, నీళ్లు చల్లలేదు. అది ఎండకు ఆరేదాకా చూస్తూ కూర్చునేవాడు. చూసినకొద్దీ కడుపులో మంట రాజుకునేది. ఆ మంట నీలవ్వ మీద కాదు. ఆమె చేత అట్లా ఉమ్మిస్తున్నవాడు వేరే ఉన్నాడు.

వాడు భూపతి. కిరాయి కార్లు తిప్పే సేటు. తెల్ల బట్టలు, వేళ్ల నిండా ఉంగరాలు. రాజం వాడి దగ్గర చాలా ఏళ్లు డ్రైవరుగా పనిచేశాడు. మామూలు డ్రైవరు కాదు. బాల్కొండ నుంచి మాక్లూర్ దాకా ఏ ఊళ్లో చూసినా ఇంటికొకరు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటారు. పోయేవాళ్లను శంషాబాద్‌లో దింపాలన్నా, వచ్చేవాళ్లను ఎక్కించుకుని రావాలన్నా "రాజం ఉన్నడా?" అని అడిగి మరీ బండి మాట్లాడుకునేవాళ్లు. ముసలవ్వలు అతని గడ్డం పట్టుకొని, "పైలంగ తీస్కపో కొడుకా" అనేవాళ్లు. అతను పైలంగానే తీసుకుపోయేవాడు. ఆ మాట ఒక్కటే అతని ఆస్తి. దాన్నే భూపతి బజారులో పడేసి తొక్కాడు.

తొక్కిన సంగతి తెలియాలంటే ముందు టైర్ల సంగతి తెలియాలి. రాజానికి బండిలో ఇంజను కన్నా టైర్ల మీదే గుబులు ఎక్కువ. పుష్యమాసం చలికి టైర్లలో గాలి దానంతటదే దిగిపోతుంది, కాబట్టి పొద్దున బండి తీసేముందే చూసి నింపుకోవాలి. వానల్లో మెత్తటి టైరు నీళ్ల మీద జారుతుంది. ఎండకాలం తమాషా వేరు. బండి కొంతదూరం ఉరికి వచ్చిందంటే టైరు వేడెక్కి లోపల గాలి ఉబ్బుతుంది, మీటరు పెడితే ముల్లు ఎక్కువ చూపిస్తుంది. అది చూసి బెదిరి గాలి తీశామా, కొంప మునిగినట్టే. చల్లారినాక చూస్తే ఆ టైరులో ఉండాల్సిన గాలి ఉండదు. మెత్తబడిన టైరు రోడ్డు మీద నలిగి నలిగి, ఇంకా వేడెక్కి, ఏదో ఒక చోట ఫట్టుమంటుంది. ఇదంతా పెద్ద చదువేం కాదు, పది ఎండలు చూసిన ఏ డ్రైవరునడిగినా చెప్తాడు.

భూపతికి మాత్రం చెప్పినా ఎక్కదు. వాడి తండ్రి ఎడ్లబండి తోలిన మనిషి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత ఆయన నోట్లో ఎప్పుడూ ఆడుతుండేదట. ఆ సామెతను కొడుకు కార్లకు అంటగట్టాడు. రోహిణి కార్తె వచ్చిందంటే చాలు, పొద్దున్నించి తిరిగి వచ్చిన బండ్లను మిట్టమధ్యాహ్నం వరసగా నిలబెట్టి, కాలుతున్న టైర్లలోంచి గాలి తీయించేవాడు. "రోళ్లే పగుల్తయంటే రబ్బరు పగులదారా? దించుండ్రి" అనేవాడు. సామెతతో బండి నడిపే సేటును మీరెక్కడన్నా చూశారా? ఆర్మూరులో ఒకడున్నాడు.

కొన్నేళ్ల కింద, అట్లాంటి ఒక రోహిణి కార్తెలోనే ఏర్గట్ల తుకారాం షార్జా నుంచి వస్తున్నాడు. నీలవ్వ పెనిమిటి. మళ్లీ పోయేది లేదు, ఉన్న రెండు మడుల్లో పసుపు వేసుకొని బతుకుతానని ఫోన్లో చెప్పి మరీ బయలుదేరాడు. రాజం బండి తీయబోతుంటే భూపతి మీటరు పెట్టి చూసి కళ్లు పెద్దవి చేశాడు.

"ఇంత గాలా? దించు."

"బండి ఇప్పుడే నిర్మల్‌కెళ్లి వచ్చింది సేటు. జర చల్లారనియ్యి, అప్పుడు చూద్దాం."

"బండి నీదా, నాదా?"

రాజం వంగి నాలుగు టైర్ల గాలీ దించాడు. మర్నాడు తెల్లవారి శంషాబాద్‌లో చూస్తే టైర్లు చతికిలబడి కూర్చున్నాయి. పాపం, అప్పుడు కూడా ఫోన్ చేశాడు. "సేటు, మస్తు మెత్తగున్నయ్, నింపుత" అన్నాడు. "నేను దింపిస్తే నువ్వు నింపుతవా? ఎండల పగుల్తే నువ్వు కొనిస్తవా? సప్పుడు చెయ్యక రా" అని అవతల ఫోన్ పెట్టేశాడు. తుకారాం అట్టపెట్టెలన్నీ క్యారియర్ మీద కట్టుకొని, ముందు సీట్లో కూర్చొని, దారి పొడవునా పసుపు విత్తనం గురించే మాట్లాడాడు. కామారెడ్డి దాటినాక వెనక టైరు పగిలింది. బండి మూడు పల్టీలు కొట్టింది. తుకారాం పోయాడు. రాజం ఎడమకాలు మూడుచోట్ల విరిగింది.

అతనికి దవాఖానలో తెలివి వచ్చేసరికి కథ వండి వడ్డించేశారు. డ్రైవరు నిద్రపోయిండు. ఈ మాట భూపతి పోలీసులకు చెప్పాడు, పెద్దమనుషులకు చెప్పాడు, శవం పక్కన కూలబడ్డ నీలవ్వ చేతులు పట్టుకొని కళ్లనీళ్లు పెట్టుకుంటూ చెప్పాడు. నమ్మకపోవడానికి ఏముంది? రాత్రంతా మేలుకునే డ్రైవర్లు, కునుకు పట్టడం వింతా? గాలి దించిన సంగతి రాజం చెప్తే, చేసింది కప్పిపుచ్చుకోవడానికి సేటు మీద పెడుతున్నాడని అన్నారు. ఎవరూ బండి ఇవ్వలేదు. వంకర కాలుతో ఇచ్చినా నడపలేడనుకోండి. గోరుచుట్టు మీద రోకలిపోటు!

అతని భార్య భాగ్యవ్వ బీడీలు చుట్టి ఇల్లు నడిపింది. కాలు కాస్త కుదురుకోగానే రాజం యార్డు దారిలో గాలి దుకాణం పెట్టాడు. "ఊరంత జాగ ఉండంగ ఆడనే ఎందుకు? ఆమె పొద్దున్నే వచ్చి ఉమ్ముతది" అని భాగ్యవ్వ మొత్తుకుంది.

"ఉమ్మనియ్యి. గా భూపతిగాడు ఎన్నటికన్న గిదే తొవ్వ మీద వస్తడు. వానికి నేను గాలి కొడ్త" అన్నాడు.

అన్నాడు, అనుకున్నాడు, అదే ఆలోచనతో బతికాడు. వాడు వస్తాడు. అదే రోహిణి కార్తె. అదే కాలే టైరు. అదే నోటితో దించమంటాడు. నేను మారుమాట్లాడకుండా దించుతాను. ఎంత దించమంటే అంత, ఒక్క పిసరు ఎక్కువ కాదు, తక్కువ కాదు. రోడ్డు మిగతాది చూసుకుంటుంది. నా చేతికి మట్టి అంటదు. పంక్చర్ అతుకుతున్నా, అన్నం తింటున్నా అతనికి ఇదే ధ్యానం. కొందరు దేవుడి పేరు తలుచుకుంటారు, రాజం భూపతి పేరు తలుచుకునేవాడు.

ఈ ఏడు రోహిణి కార్తెలో వాడు రానే వచ్చాడు.

మధ్యాహ్నం. ఊరంతా కరెంటు పోయింది. డీజిల్ ఇంజనుతో కంప్రెసర్ నడిపేది రాజం ఒక్కడే. కొత్త తెల్ల కారు వచ్చి దుకాణం ముందు ఆగింది. డ్రైవరు సీట్లో భూపతి, వెనక అతని కూతురు దివ్యశ్రీ. అల్లుడు దుబాయి నుంచి దిగుతున్నాడు, తేవడానికి పోతున్నారు. స్టెప్నీలో గాలి లేదట. భూపతి దిగి, చెప్పులు టపటపలాడించుకుంటూ వచ్చి రాజాన్ని చూశాడు. సిగ్గుపడతాడనుకున్నారా? నవ్వాడు.

"ఏం రాజం, మంచిగున్నవా? అప్పటి నిద్ర ఇప్పుడన్న తీరిందా?"

రాజం స్టెప్నీలో గాలి నింపి డిక్కీలో పెట్టాడు.

"పొద్దుగాల్ల సంది తిరుగుతున్న. నాలుగు టైర్లకు జర దించు. రోహిణి కార్తె" అన్నాడు భూపతి.

ఇదిగో, వచ్చింది. ఇన్నేళ్లు ఎదురుచూసిన మాట వాడంతట వాడే, తన నోటితోనే అన్నాడు. రాజం ముందు టైరు దగ్గర కూలబడి చెయ్యి ఆనించాడు. రబ్బరు పెనంలా కాలుతోంది. వాల్వు మూత తీసి నొక్కాడు. సుయ్యిమని గాలి బయటికి వస్తుంటే అతని ఒళ్లు జలదరించింది. ఎంత హాయిగా ఉందో! పో బిడ్డా పో. కామారెడ్డి దాటినాక తెలుస్తుంది నీకు.

అప్పుడు వెనక అద్దం దిగింది. "అన్నా, తాగనీకె నీళ్లున్నయా?" అని దివ్యశ్రీ అడిగింది. కుండ చూపించాడు. ఆ అమ్మాయి దిగివచ్చి నీళ్లు తాగి మళ్లీ వెళ్లి కూర్చుంది. ముందు సీట్లో కాదు. వెనక. పగిలే వెనక టైరుకు సరిగ్గా పైన.

రాజం దయ తలచాడని చెప్పను. ఆ పిల్లను చూసి గుండె కలుక్కుమన్న మాట నిజమే గానీ, అతని చెయ్యి ఆగింది దానికొక్కదానికే కాదు. ఇంకో సంగతి బుర్రలో తళుక్కుమంది. వీడు చస్తే ఏమవుతుంది? పేద్ద ఫోటో పెట్టి దండ వేస్తారు. పాపం సేటు మంచోడంటారు. తుకారాం బండి గాలి ఎవడు దించమన్నాడో తెలిసిన నోరు కాష్టంలో కాలిపోతుంది. నీలవ్వ మాత్రం ఆమె చచ్చేదాకా, తాను చచ్చేదాకా, దుకాణం ముందు ఉమ్ముతూనే ఉంటుంది. ఇన్నేళ్లు తాను ఎంత పిచ్చి పగ పట్టాడో అప్పుడు తెలిసింది. వీడు బతకాలి. నాలుకతో సహా బతకాలి.

"దించుడు అయిందా?" అన్నాడు భూపతి ఫోన్ చూసుకుంటూ.

"అయితుంది సేటు."

రాజం జేబులోంచి వాల్వు తిప్పే పుల్ల తీశాడు. ముందు టైరు వాల్వులోంచి పిన్నునే విప్పి తీసేశాడు. గాలి ఈలవేసినట్టు బుస్సున కక్కింది. కుంటుకుంటూ రెండోదాని దగ్గరికి, మూడోదాని దగ్గరికి, నాలుగోదాని దగ్గరికి పోయాడు. భూపతి తలెత్తేసరికి అంత పెద్ద కారూ గేదె మోకాళ్ల మీద కూర్చున్నట్టు నేలకు కూర్చుంది. నాలుగు పిన్నులూ రాజం పిడికిట్లో ఉన్నాయి.

"ఏందిరా గిది!"

"దించుమన్నవ్. దించిన."

"బతకాల్నని లేదారా నీకు? లేటయితే అల్లుడు ఏమనుకుంటడు!" భూపతి అరిచిన అరుపుకు దారిన పోయే ఆటోలు ఆగాయి. యార్డులో తిండివేళ అయింది. హమాలీలు, డ్రైవర్లు, సద్దిగిన్నెలు పట్టుకున్న ఆడకూలీలు బయటికి వస్తూ వస్తూ గుమిగూడారు. ఒళ్లంతా పసుపు దుమ్ముతో నీలవ్వ కూడా వాళ్లలో ఉంది. రాజం ఆమెను చూశాడు. చూసి, గొంతు పెంచాడు.

"కాలే టైర్ల గాలి తీస్తే తొవ్వల పగుల్తది సేటు. ఎనక నీ బిడ్డ ఉంది. అందుకనే మొత్తం తీసిన. చల్లారినంక నింపుత."

"నాకు నేర్పుతవారా నువ్వు? నిద్రవోతు బండి నడిపినోనివి!" భూపతి జనం వైపు తిరిగాడు. పదిమంది చూస్తుంటే వాడి నోటికి అడ్డు ఉండదు. "నా అయ్య కాలం సంది మాది బండ్ల ఇల్లు. ప్రతి రోహిణి కార్తెకు దింపిస్త. ఇట్లనే, మిట్టమధ్యానం. ఎన్నడన్న ఏమన్న అయ్యిందా?"

"అన్ని బండ్లకు దింపిస్తవా?" అన్నాడు రాజం.

"అన్నిటికి!"

"ఒక్కటి గూడ ఇడువవు?"

"ఎందుకిడుస్త? నా బండ్లు నా ఇష్టం!"

"మరి తుకారాం వచ్చిన బండికి?"

"దానికి దింపియ్యలేదా? వద్దు వద్దని నువ్వు ఏడుస్తుంటే దింపిచ్చిన గద! శంషాబాద్ నుంచి ఫోన్ చేసి నింపుతనన్నవ్, వద్దన్న గద..."

అక్కడ ఆగాడు. ఆగేసరికి ఆలస్యమైంది. నోట్లోంచి పోయిన మాట, టైరులోంచి పోయిన గాలి తిరిగి రావు. భూపతి తేలు కుట్టిన దొంగలా అటూ ఇటూ చూశాడు. కారు తలుపు తెరుచుకుంది. దివ్యశ్రీ తండ్రి ముఖంలోకి చూసింది. "బాపూ, డ్రైవర్ నిద్రవోయిండని గద మాకు చెప్పినవ్?" అంది. ఆ అమ్మాయి తన సంచి తీసుకొని, ఆటో ఆపి, వెనక్కి తిరిగి చూడకుండా బస్టాండుకు పోయింది.

జనం పక్కకు జరిగారు. నీలవ్వ ముందుకు వచ్చింది. సద్దిగిన్నె ఇంకా చంకలోనే ఉంది.

"దవాఖానల నా చేతులు వట్టుకొని ఏం చెప్పినవ్ సేటు?"

"అది గాదు చెల్లె, నేను..."

"నా పెనిమిటి పీనుగు ముంగట నిలవడి చెప్పినవ్. ఏం చెప్పినవో మళ్ల చెప్పు."

రాజం కుంటుకుంటూ ఆమె దగ్గరికి వెళ్లాడు. "చెల్లె, దించుమన్న నోరు వానిది. దించిన చెయ్యి నాది. గది గూడ నీకు తెల్వాలె" అన్నాడు. పిడికిలి విప్పి నాలుగు పిన్నులూ ఆమె ముందుకు చాపాడు. "గివి లేంది గా బండి కదలదు. నీ ఇష్టం."

నీలవ్వ పిన్నులు తీసుకొని కొంగున ముడి వేసుకుంది. భూపతి వైపు తిరిగింది.

"నిద్రవోయిండని ఊరూరు చెప్పినవ్ గద. ఏర్గట్లకు రా. నా ఇంటి ముంగట నిలవడి, ఊరంత ఇనంగ, ఏం జరిగిందో చెప్పు. అప్పుడిస్త." అని యార్డులోకి వెళ్లిపోయింది.

"నీ పిన్నులు నాకెందుకే? ఆర్మూర్ల పది దుకాణాలున్నయ్!" అని భూపతి ఫోన్ తీశాడు. కానీ గుంపులో అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి, అందులో సగం మంది ఒకప్పుడు వాడి చేత తిట్లు తిన్న డ్రైవర్లు. కబురు వాడి ఫోన్ కన్నా ముందే పాకింది. ఒకడు కంప్రెసర్ బెల్టు తెగిందన్నాడు. ఒకడు పిల్లకు జ్వరమన్నాడు. ఇంకొకడు, "టైర్లు చల్లారనియ్యి సేటు, రోహిణి కార్తె గద" అని పెట్టేశాడు. కరెంటు వచ్చింది గానీ, ఆ పూట ఆర్మూరులో ఎవరి కంప్రెసరూ పనిచేయలేదు.

చివరికి భూపతి యార్డులోకి నడిచాడు. బండి దిగి పది అడుగులు నడవని మనిషి! తెల్ల బట్టల మీద పసుపు దుమ్ము పడుతుంటే, కుప్పల మధ్య "చెల్లె, ఓ చెల్లె" అనుకుంటూ నీలవ్వ వెనక తిరిగాడు. ఆమె కుప్ప ముందు కూర్చొని సన్న కొమ్ములు ఒక పక్కకు, లావు గడ్డలు ఒక పక్కకు ఏరుతూనే ఉంది. తలెత్తలేదు. వాడు ఎండలో నిలబడ్డాడు. హమాలీలు బస్తాలతో వచ్చి "జరుగు, జరుగు" అంటూ వాణ్ని ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు జరిపారు. దుకాణంలో స్టూలు మీద కూర్చొని గేటులోంచి రాజం ఇదంతా చూశాడు. కళ్లారా చూశాడు. టీ తెప్పించుకొని మరీ చూశాడు.

పొద్దుగూకేదాకా నిలబడినా భూపతి నోట ఏర్గట్లకు వస్తానన్న మాట రాలేదు. చివరకు ఆటో ఎక్కి ఇంటికి పోయాడు. కారు అక్కడే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున నీలవ్వ వచ్చింది. కొంగు ముడి అట్లాగే ఉంది. దుకాణం ముందు ఎప్పుడూ ఆగే చోటే ఆగింది. టీ తాగుతున్న హమాలీలు గ్లాసులు దించి చూశారు. రాజం లేచి నిలబడ్డాడు. ఆమె ఎప్పటిలాగే కాండ్రించింది. తిరిగి, నేలకు అతుక్కుపోయిన తెల్లకారు వెనక టైరు మీద ఉమ్మింది. కొంగుతో మూతి తుడుచుకుంది.

"రాజన్నా, నోరెండింది. జర నీళ్లియ్యి" అంది.

రాజం చెంబు రెండుసార్లు కడిగి, కుండలోంచి నీళ్లు ముంచి ఇచ్చాడు. ఇన్నేళ్లూ ఉమ్మిన చోటే నిలబడి నీలవ్వ ఆ నీళ్లు చివరి చుక్కదాకా తాగింది.